అందరూ ఆహ్వానితులేనంట, సమాధుల తోటకి తప్ప

పోస్టు పెద్దదే. సెలవులకి ఇంటికెళ్లొచ్చిన కోపంలో రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మేం మండవల్లి వైపు పిల్లలం. యానాదులం, ఎరుకలోళ్లం కలిసి ఒకే హాస్టల్లో ఉంటాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అమ్మానాన్నలకి చదువు లేదు కాబట్టి బస్సు బోర్డు దగ్గర్నుంచి చర్చి బోర్డు దాకా చదివి చెప్పే పని చిన్నప్పటి నుంచీ మాదే.

గుడివాడ నుంచి ముదినేపల్లి, మండవల్లి మీదుగా కైకలూరు వెళ్తుంటే ఊరూరా చర్చి బోర్డు కనపడుద్ది. 'అందరూ ఆహ్వానితులే, ప్రవేశం ఉచితం' అని ఉంటది. పక్కన పాస్టరు గారి ఫోటో, పేరుకి ముందు డాక్టరు. స్వస్థత సభల ఫ్లెక్సీ అయితే ఆ ఫోటో ఇంకా పెద్దది, యేసు ప్రభువు బొమ్మకి మూలన చోటు దొరికితే గొప్ప. మత్తయి సువార్త 11వ అధ్యాయంలో భారం మోసేవాళ్లని పిలిచిన పిలుపు చాలా గోడల మీద చూస్తాం. భారం మోసేది మనమే కదా అనుకుని మావాళ్లు వెళ్లారు.

వెళ్లినందుకు మేం తప్పు పట్టట్లేదు. ఊళ్లోవాళ్లు మా గుడిసెల వైపు చూడని రోజుల్లో వాకిట్లోకొచ్చి 'బాగున్నారామ్మా' అన్నదీ, జ్వరమొస్తే నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన చేసిందీ పాస్టర్లే. ఇది దాచి రాస్తే అబద్ధమవుద్ది.

కానీ లోపలికెళ్లాక చదవాల్సినవి వేరే ఉన్నాయి. గుమ్మం పక్కన పాలరాయి మీద దాతల పేర్లు. తలెత్తితే ఫ్యాను రెక్క మీద దాత పేరు. కుర్చీ వెనక పెయింటుతో ఇంకో పేరు. మావాళ్లు కూర్చునేది చివర పట్టా మీద, దానికి పేరెవరూ రాయించరు. యాకోబు పత్రిక 2వ అధ్యాయం తీసి చూడండి. బంగారు ఉంగరం పెట్టుకున్నాయనకి మంచి చోటు, మాసిన బట్టలోడికి కింద చోటు చూపించడం తప్పని ఆ పుస్తకంలోనే ఉంది. మేం కనిపెట్టింది కాదు.

ఇక అసలు సంగతి. మొన్న వేసవిలో మా వాడలో ఒక తాత చనిపోయాడు. ముప్పై ఏళ్లు చేపల చెరువు గట్టు మీద కాపలా ఉన్నాడు. బాప్తిస్మం తీసుకున్నాడు, ఆదివారం తప్పేవాడు కాదు. క్రిస్మస్ ప్రేమవిందుకి చేపలు తోమేది ఆయన, ఆయన వెనక మా ఆడోళ్లు. శవాన్ని తీసుకుని సమాధుల తోటకెళ్తే గేటుకి రేకు బోర్డు: 'సంఘ సభ్యులకు మాత్రమే.' పెద్దలు పుస్తకం తీశారు. తాత పేరు లేదు. నెలచందా కట్టలేదంట. 'మీవాళ్లు వస్తుంటారు గానీ సభ్యులు కాదుగా' అన్నారు. ముప్పై ఏళ్లు వచ్చినా ఆయన చుట్టపుచూపుకి వచ్చినోడే అన్నమాట!

చివరికి డ్రెయిను గట్టు మీద పూడ్చాం. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు, కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు. ఆయన మంచితనం మీద మాకు అనుమానం లేదు. వానలకి ఆ గట్టు నిలుస్తదో లేదో అన్నదే మా భయం.

చోటు తక్కువన్నది నిజమే. కొల్లేరు చుట్టూ పొలాలన్నీ చెరువులయ్యాక బొందకి కూడా మట్టి లేదు. అయితే అక్కడే కదా తేలేది! రోడ్డు వైపు బోర్డుకి పెయింటు డబ్బులు చాలు. గేటు బోర్డు మార్చాలంటే ఆరడుగుల నేల వదులుకోవాలి. సంఘం దేన్ని నమ్ముతుందో ఆ గేటు దగ్గర చదువుకున్నాం.

ఎరుకల తమ్ముళ్లకి ఇది కొత్త కాదు. స్టువార్టుపురం పేరు వినని ఎరుకల ఇల్లుందా? 1911 నేరస్థ జాతుల చట్టం కింద మన ముత్తాతల్ని అక్కడ సెటిల్‌మెంటులో పెడితే, నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. ఊరికి పేరు మాత్రం సర్ హెరాల్డ్ స్టువార్ట్ అనే తెల్లదొరది. బడి పెట్టారు, చీరాల పొగాకు కంపెనీలో పని చూపించారు, కాదనం. దాంతోపాటు హాజరు వేయించుకున్నారు, చీటీ లేకుండా ఊరు దాటనివ్వలేదు. ఆ చట్టం 1952లో గానీ దేశమంతా పోలేదు. అప్పుడు పుస్తకంలో పేరుండటం మనకి శిక్ష. ఇప్పుడు పుస్తకంలో పేరు లేకపోవటం శిక్ష. రెండుసార్లూ పుస్తకం వాళ్ల చేతిలోనే ఉంది.

ఇది చదివి 'చూశారా, అందుకే మతం మారినోళ్లకి ఎస్టీ తీసేయాలి' అని డీలిస్టింగ్ బ్యాచ్ సంబరపడొద్దు. 1950 ఎస్టీ ఉత్తర్వులో మతం షరతు లేదు. ఎవరికి మొక్కినా యానాది యానాదే, ఎరుకల ఎరుకలే. ఆ షరతున్నది ఎస్సీ ఉత్తర్వులో. దానివల్లే క్రైస్తవులమని కాగితం మీద రాసుకున్న దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి అయ్యారు. మా వైపు సంఘాల్లో ఎక్కువమంది ఆ దళిత సోదరులే. ఊరు దూరం పెడితే రూపాయి రూపాయి పోగేసి చర్చి కట్టుకున్నవాళ్లు. గేటు బయట నిలబెట్టడం ఎలా ఉంటదో వాళ్లకి మేం చెప్పాలా? అందుకే ఈ కోపంలో సగం బాధ ఉంది.

మా వాడ తరఫున సంఘ పెద్దలకి అర్జీ రాస్తున్నాం. బాప్తిస్మం తీసుకున్న మనవాళ్ల పేర్లన్నీ చందాతో పని లేకుండా పుస్తకంలో ఎక్కించాలి, సంఘ కమిటీలో మనవాళ్లిద్దరు ఉండాలి, గేటు బోర్డు తీసేయాలి. డిసెంబరు మొదటి ఆదివారం దాకా చూస్తాం. జవాబు రాకపోతే ఈసారి ప్రేమవిందుకి చేపలు వాళ్లే తోముకుంటారు. అమ్మావాళ్లు ఒప్పుకోవడానికి కొంచెం టైం పట్టింది గానీ ఒప్పుకున్నారు.

ముదినేపల్లి, కైకలూరు, కలిదిండి వైపు ఉన్నవాళ్లు మీ ఊరి సమాధుల తోట గేటు మీద ఏముందో చూసి కింద రాయండి. మనుషుల పేర్లు పెట్టొద్దు, బోర్డు మీద మాట చాలు. అర్జీకి జత చేస్తాం.