గుమ్మం బయటే ఎందుకు నిలబడ్డాం?

ఖమ్మం ఉద్యమాల గుమ్మం. వేదికల మీద అనీ అనీ ఈ మాట అరిగిపోయింది. మరి ఆ గుమ్మం దాటి మన జెండా ఏనాడైనా లోపలికి పోయిందా? 2014లో తెలంగాణ రాష్ట్ర సమితికి రాష్ట్రంలో 63 సీట్లొస్తే, ఉమ్మడి ఖమ్మం జిల్లా పది సీట్లలో ఒక్క కొత్తగూడెం ఇచ్చింది. 2018లో 88 సీట్ల ప్రభంజనం. ఖమ్మం జిల్లాలో మళ్లీ ఒక్కటే, ఖమ్మం పట్నం. 2023లో పార్టీ ఓడి 39కి పడిపోయింది. అప్పుడూ ఒక్కటే, భద్రాచలం. గాలి మనవైపు వీచినా ఎదురు వీచినా ఇక్కడి లెక్క మారలేదు. అదీ మూడుసార్లు మూడు వేర్వేరు చోట్ల. గెలిచిన చోట కూడా వేరు దిగలేదని దీనర్థం.

దీనికి హైదరాబాద్‌లో కూర్చున్న పెద్దలు చెప్పే కారణాలు మనకు కంఠతా వచ్చు. ‘అది ఆంధ్రా గాలి తగిలే జిల్లా’ అంటారు. ‘కమ్యూనిస్టుల ఇలాకా’ అంటారు. ఓడినప్పుడల్లా ‘మనోళ్లే మనల్ని ఓడగొట్టారు’ అంటారు. మొదటిదానికి రుజువులు కూడా చూపిస్తారు. 2014లో తెలంగాణ మొత్తంలో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచిన మూడు అసెంబ్లీ సీట్లూ ఖమ్మంలోనివే. 2018లో రాష్ట్రమంతటా తెలుగుదేశానికి మిగిలిన రెండూ, సత్తుపల్లి, అశ్వారావుపేట, ఈ జిల్లావే. నిజమే. కానీ 1969లో తెలంగాణ నిప్పు మొదట అంటుకున్నది ఏ గడ్డ మీద? పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో స్థానికుల కొలువుల కోసం లేచిన గొంతు ఎవరిది? ఖమ్మం నడిబొడ్డున నిరాహార దీక్షకు కూర్చున్న విద్యార్థి అన్నాబత్తుల రవీంద్రనాథ్ ఎక్కడోడు? 2009 నవంబర్‌లో కేసీఆర్‌ను అరెస్టు చేసి తెచ్చిపెట్టింది ఖమ్మం జైలుకే కదా. సకల జనుల సమ్మెలో కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు గనుల కార్మికులు తట్టా చెమ్మస్ దించి రోడ్డెక్కలేదా? తెలంగాణ మీద ప్రేమ లేని జిల్లా ఇదని చెప్పేటోళ్లకు ఈ జిల్లా తెలవదు.

తెలంగాణ కావాలనడం వేరు, ఇంటి మీద జెండా మార్చడం వేరు. ఖమ్మంలో జెండా ఇంటిపేరు లాంటిది. తాత ఎర్రజెండా పట్టుకొని సాయుధ పోరాటంలో తిరిగిన ఇల్లు, తండ్రి కాంగ్రెస్ సర్పంచ్ అయిన ఇల్లు, మామ ఎన్టీఆర్ సభకు లారీలు కట్టించిన ఇల్లు. మధిర, సత్తుపల్లి వైపు పోతే పెళ్లి సంబంధాలు తిరువూరు, చింతలపూడి దాకా ఉంటాయి. అటువంటి ఇంట్లోకి పోయి ‘మీరంతా ఆంధ్రోళ్ల పక్షం’ అని మైకులో అరిస్తే తలుపు తీస్తారా? ఒప్పుకోవాలె, మేమూ అరిచినోళ్లమే. పాత జెండాను అవమానించి కొత్త జెండా ఎగరేయలేమన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇట్లా పాత కట్టుబాట్లు బిగిసిన చోట చిన్న పార్టీ ఎట్లా నిలబడాలె? ఖమ్మంలో గులాబీ జెండా చిన్న పార్టీయే. ప్రభుత్వంలో ఉన్న పదేళ్లూ చిన్న పార్టీయే. ఈ నిజం ఒప్పుకోకపోవడం దగ్గరే అసలు తప్పు మొదలైంది. 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకున్నప్పుడు ఖమ్మం ప్రధానంగా మిత్రుల వాటాకే పోయింది. రెండుసార్లూ ఇక్కడ మనకొచ్చింది సున్నా. సరే, ఉద్యమ అవసరాలు అనుకుందాం. మరి రాష్ట్రం వచ్చినంక?

రాష్ట్రం వచ్చినంక పునాది తవ్వలేదు, కిరాయికి స్తంభాలు తెచ్చారు. లెక్క చూడండి. 2014లో ఒక్క జలగం వెంకటరావుతో మొదలైన బలం 2018 ఎన్నికల నాటికి ఏడుకు చేరింది. వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ముగ్గురు, కాంగ్రెస్ నుంచి ఇద్దరు వచ్చారు. తెలుగుదేశం నుంచి వచ్చిన తుమ్మల నాగేశ్వరరావు 2016 పాలేరు ఉప ఎన్నికలో గెలిచారు. ఖమ్మం ఎంపీ పొంగులేటి శ్రీనివాసరెడ్డి కూడా 2016లోనే కండువా మార్చారు. పదింటిలో ఏడు మనవే అని సంబరం. జనం దగ్గరికి పోతే ఏమైంది? పువ్వాడ అజయ్‌కుమార్ ఒక్కరు గట్టెక్కారు. మిగతా స్తంభాలన్నీ కూలాయి.

పాఠం నేర్చారా? లేదు. 2018 తర్వాత అదే పని మళ్లీ చేశారు. కాంగ్రెస్ టికెట్ మీద గెలిచినోళ్లు నలుగురు, తెలుగుదేశం ఇద్దరూ, వైరా ఇండిపెండెంటూ కలిసి ఈసారి బలం ఎనిమిది. బయట మిగిలినవి మధిర, భద్రాచలం మాత్రమే. 2023లో ఆ ఎనిమిదిలో ఒక్కటీ దక్కలేదు. దక్కిన ఒక్కటి ఫిరాయింపు జరగని భద్రాచలం. 2018లో ఓడిన తెల్లం వెంకటరావునే అక్కడ మళ్లీ నిలబెట్టారు, గెలిచారు. ఆయన కూడా 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్‌లోకి పోయారనుకోండి. ఎమ్మెల్యేలను కొనుక్కునే విద్య మనం నేర్పిందే, దాన్ని ఎదుటోడు మనమీదనే వాడాడు. తుమ్మల ఖమ్మంలో, పొంగులేటి పాలేరులో, పాయం వెంకటేశ్వర్లు పినపాకలో, కోరం కనకయ్య ఇల్లెందులో కాంగ్రెస్ నుంచి గెలిచారు. మన ఇంటికి తెచ్చుకున్న స్తంభాలే లేచి వచ్చి మన గోడ కూల్చాయి.

ఇంకో ముచ్చట మరువలేం. పేరులోంచి ‘తెలంగాణ’ తీసేసి ‘భారత’ అని పెట్టుకున్న తర్వాత తొలి భారీ బహిరంగ సభ 2023 జనవరి 18న పెట్టింది ఎక్కడ? ఖమ్మంలో. ముగ్గురు వేరే రాష్ట్రాల ముఖ్యమంత్రులు, ఒక మాజీ ముఖ్యమంత్రి, జాతీయ నాయకులు వరుసగా కూర్చున్నారు. ఒక్క సీటున్న జిల్లాలో దేశమంతా గెలవడానికి కొబ్బరికాయ కొట్టిన పార్టీని మేం ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు ఇదే అడవిలో చిన్న పార్టీ ఎట్లా గెలిచిందో చూద్దాం. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య. చేతిలో ప్రభుత్వం లేదు, పత్రిక లేదు, పైసల్లేవు. సీపీఐ ఎంఎల్ న్యూడెమోక్రసీ రాష్ట్రం మొత్తం మీద ఎంత పార్టీ? పిడికెడు. అయినా 1983, 1985, 1989, 1999, 2004లో ఐదుసార్లు ఆయనను అసెంబ్లీకి పంపింది ఇల్లెందు. మధ్యలో 1994లో ఓడారు. ఓడిన మర్నాడు ఏ పార్టీలో చేరదామా అని చూడలేదు. బస్సెక్కి తిరిగిన మనిషి బస్సెక్కే తిరిగారు. అయితే నర్సయ్య నిరాడంబరత గురించి మాత్రమే చెప్పి ఊరుకోవడం పట్నపోళ్ల అలవాటు. సైకిల్ తొక్కితే ఓట్లు పడవు. ఆ ఓట్ల వెనుక తునికాకు ఉంది. ఎండాకాలం కోయ, లంబాడ ఆడోళ్లు తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లానికి తెస్తే కాంట్రాక్టర్ ఇచ్చినంత ఇచ్చేవాడు. ఆ కట్ట రేటు కోసం ఏటేటా కల్లం దగ్గర నిలబడి కొట్లాడినోళ్ల పార్టీ అది. పోడు చేనుకు ఫారెస్టోళ్లు అడ్డం వస్తే ముందు నిలబడ్డదీ అదే. ఓటు అడగడానికి ఐదేళ్లకోసారి వచ్చేటోళ్లు, ఆకు కోతకు ఏటా వచ్చేటోళ్లు, వీళ్లిద్దరి తేడా గూడేనికి బాగా తెలుసు.

భద్రాచలంలోనూ అదే కథ. 1985, 1989, 1994లో కుంజా బొజ్జి. 1999, 2004లో సున్నం రాజయ్య. ఇద్దరూ కోయ బిడ్డలు, ఇద్దరిదీ సీపీఎం. ప్రత్యేక రాష్ట్రం వద్దు, భాషాప్రయుక్త రాష్ట్రమే ముద్దు అన్న పార్టీ అది. ఆ వాదనతో మాకు ఈరోజుకూ పేచీ ఉంది. కానీ తెలంగాణ వచ్చిన ఏడాదే, 2014లో, తెలంగాణ వద్దన్న పార్టీ మనిషిని భద్రాచలం గెలిపించిందంటే సిగ్గుపడాల్సింది భద్రాచలమా, మనమా?

2011 సమ్మె రోజుల్లో మేం కొందరు విద్యార్థులతో కలిసి భద్రాచలం దాటి కూనవరం దారిలోని ఒక గూడేనికి పోయాం. కరపత్రాలు పంచాం, పాటలు పాడాం. నీళ్లు, నిధులు, నియామకాలు అని గంటసేపు చెప్పాం. ఒక ముసలాయన అంతా విని అడిగిండు: “బిడ్డా, తెలంగాణ తెస్తరు, మంచిదే. ఫారెస్టోళ్లు వస్తే ఎవల్ని పిలవాలె? మీ ఊరేది?” మా దగ్గర జవాబు లేదు. ఆ గూడెంలో మా మనిషి ఒక్కడు లేడు. కోయ మాట వచ్చినోడు మా బృందంలోనే లేడు. చాయ్ తాగించి పంపిండు.

ఆ గూడెం ఇప్పుడు తెలంగాణలో లేదు. 2014 ఏప్రిల్ 30న అక్కడి జనం తెలంగాణ ఎన్నికల్లో భద్రాచలం ఎమ్మెల్యే కోసం ఓటేశారు. నెల తిరక్కముందే ఢిల్లీ ఆర్డినెన్స్ తెచ్చింది, జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. పోలవరం ముంపు పేరు చెప్పి చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు పోయాయి. పట్టణం తప్ప భద్రాచలం మండలం పోయింది, బూర్గంపాడులో కొన్ని ఊళ్లూ పోయాయి. సున్నం రాజయ్య గెలిచింది తెలంగాణ అసెంబ్లీకి, ఆయన సొంతూరు తేలింది ఆంధ్రప్రదేశ్‌లో. మే 29న తెలంగాణ బంద్ చేశాం. వరంగల్‌లో, కరీంనగర్‌లో బస్సులు ఆగాయి. కానీ గోదావరి అవతల ఊరూరా గ్రామసభ పెట్టించి, తీర్మానం రాయించి, మా ఊరు మమ్మల్ని అడగకుండా ఎట్లా ఇస్తారని కోర్టు మెట్ల దాకా నడిపించే బలగం మనకుందా? 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు నోరిచ్చింది. ఆ నోటికి తోడు నిలబడాల్సిన పార్టీ గడ్డ ఇవతలే ఆగిపోయింది. ఖమ్మంలో వేరు లేకపోవడం వల్ల పోయింది సీట్లొక్కటే అయితే మేం ఈ వ్యాసం రాసేవాళ్లం కాదు.

అధికారంలో ఉండగా ఏం చేశాం? హరితహారం మొక్కల పేరు మీద పోడు చేలల్లో కందకాలు తవ్వించాం. ఏ గూడెం ఓటు కావాలో ఆ గూడెం మీదికే జేసీబీ పంపాం. ఏళ్ల తరబడి కేసులు, లాఠీలు. చివరికి 2023 జూన్ ఆఖరున పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టారు. రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా, అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. మంచి పనే, కాదనం. కానీ ఎన్నికలకు ఐదు నెలల ముందు చేతిలో పెట్టిన పట్టా, అంతకుముందు తవ్విన కందకాన్ని మరిపిస్తుందా? గోదావరి వరదా అంతే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటితే ముఖ్యమంత్రి వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారు. ఆ కోట్ల కంటే ముందు ఎన్నికలొచ్చాయి. ఇక శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పట్టుకొచ్చి సాయంత్రానికి తిరిగిపోయే మంత్రులను ఈ అడవి ఎంతమందిని చూడలేదు!

జార్ఖండ్ వైపు ఒకసారి చూడమని మిత్రులకు మనవి. 2000 నవంబర్ 15న రాష్ట్రం వచ్చినప్పుడు గద్దెనెక్కింది జార్ఖండ్ ముక్తి మోర్చా కాదు, బీజేపీ. కొట్లాడినోళ్లు బయట నిలబడ్డారు. వాళ్లలోనూ డబ్బు మరకలు, పదవుల పాకులాటలు ఉన్నాయి. శిబూ సోరెన్‌ను దేవుణ్ని చేయాల్సిన పనిలేదు. కానీ 1970లలో షావుకార్లు ఆక్రమించిన చేలల్లో సంతాల్ జనంతో వరి కోయించిన పార్టీ అది. ఆ కొడవలి జ్ఞాపకం సంతాల్ ఊళ్లలో మిగిలింది కాబట్టే 2019లో, 2024లో గెలిచి నిలబడగలిగింది. పేరులోంచి ‘జార్ఖండ్’ తీసేయలేదన్నది గమనించాలె.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మీలో రెవెన్యూలో, ఐటీడీఏలో, బడుల్లో పనిచేసి రిటైరైనోళ్లు ఉన్నారు. అటవీ హక్కుల దరఖాస్తు ఎట్లా రాయాలె, తిరస్కరిస్తే ఎవరికి అప్పీలు చేయాలె, 1/70 చట్టం కింద కేసు ఎట్లా నడపాలె, మీకు తెలిసినంత ఏ ఎమ్మెల్యేకూ తెలవదు. నెలకు రెండు ఆదివారాలు చర్లలోనో, దుమ్ముగూడెంలోనో, గుండాలలోనో ఒక బల్ల వేసుకొని కూర్చోండి. జెండా తర్వాత పెట్టుకోవచ్చు. విద్యార్థులు కోయ నేర్చుకోండి. నేర్చుకోవడం కష్టమైతే కోయ విద్యార్థిని ముందు నిలబెట్టి మీరు వెనుక నడవండి. పదింటిలోనూ పోటీ అన్న గొప్ప మానండి. మూడు మండలాలు పట్టుకోండి, పదేళ్లు పట్టుకోండి. పాత ఎర్రజెండా ఇంటికి పోతే అమరుల స్తూపానికి దండం పెట్టి లోపలికి పోండి. అది మన తాతల స్తూపం కూడా.

మొదలుపెట్టడానికి చోటు వెతకాల్సిన పని కూడా లేదు. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, భద్రాచలాన్ని ఆనుకొని ఉన్న ఈ ఐదు పంచాయతీలను తిరిగి ఇవ్వాలని 2014 నుంచి అడుగుతున్నారు. భద్రాచలంలో బస్సెక్కి చర్ల పోతే మధ్యలో ఆంధ్రప్రదేశ్ తగిలి మళ్లీ తెలంగాణ వస్తుంది. రాముడి గుడి ఇవతల, రాముడి మాన్యం అవతల. పట్టణం చెత్త పోయడానికి జాగా లేదు. అన్ని పార్టీలూ నవమి నాడు ఈ మాట ఎత్తుతాయి. నవమి అయిన మర్నాడు అక్కడ ఎవరుంటారు? ఈసారి మేం పోతున్నాం. గూడెంలో ముసలాయన అడిగిన ప్రశ్నకు ఇప్పుడైనా ఒక పేరు, ఒక ఊరు, ఒక ఫోన్ నంబరు రాసిన కాగితం పట్టుకొని పోతున్నాం. వచ్చేవాళ్లు రండి.