కాదనే హక్కు

స్వీడన్ దేశపు ఎలక్ట్రానిక్ పాప్ గాయని రాబిన్ పేరు వినగానే ఆమె పాటలు సాధించిన స్థానాలను లెక్కించడం సంగీతప్రియులకు అలవాటు. ఆమె జీవితంలో అంతకంటె గమనింపదగినవి ఆమె తిరస్కరించిన సందర్భాలు.

రాబిన్ 1979లో స్టాక్‌హోమ్‌లో జన్మించింది. తల్లిదండ్రులు నాటకరంగానికి చెందినవారు. 1995లో, పదహారేళ్ల ప్రాయంలో, తొలి ఆల్బమ్ వెలువడింది. 1997లో ఆమె పాటలు రెండు అమెరికాలో మొదటి పది స్థానాలలో చేరాయి. అటువంటి విజయం పొందిన బాలికను అదే బాణీలో పాడించాలని వ్యాపారులు కోరుకోవడం సహజం. కాని 1999 నాటి ‘మై ట్రూత్’ ఆల్బమ్‌లో ఆమె తన గర్భస్రావపు అనుభవాన్ని పాటలుగా మలచింది. అమెరికాలో విడుదలకు ఆ పాటలను మార్చవలసి ఉంటుందన్నారు. ఆమె అంగీకరించలేదు. ఆ ఆల్బమ్ అక్కడ వెలువడనే లేదు.

ప్రాచీన కవికి కృతిభర్త ఎటువంటివాడో నేటి గాయనికి రికార్డు సంస్థ అటువంటిది. పోషిస్తుంది, పోషణతోపాటు తన అభిరుచిని కూడా రుద్దుతుంది. ‘ది నైఫ్’ అనే స్వీడిష్ సోదరీసోదర ద్వయంతో కలిసి రాబిన్ రూపొందించిన పాట సంస్థకు నచ్చలేదు. ఆమె ఒప్పందం నుండి బయటపడి 2005లో ‘కొనిచివా రికార్డ్స్’ అనే సొంత సంస్థను స్థాపించింది. సంస్థ కాదన్న ఆ పాట, ఆమె పేరుతోనే ఆ ఏడాది వెలువడిన ఆల్బమ్‌లో చేరింది. ఆ ఆల్బమ్ స్వీడన్‌లో ప్రథమస్థానం పొందింది. క్లీరప్ అనే సంగీతకారునితో కలిసి పాడిన పాట 2007లో బ్రిటన్‌లోనూ అగ్రస్థానానికి చేరింది.

విదేశాలలో పంపిణీకి ఆమె మళ్లీ పెద్ద సంస్థలనే ఆశ్రయించింది కదా, ఇదేమి స్వాతంత్ర్యమని కొందరు ఆక్షేపిస్తారు. ఈ ఆక్షేపణ నిలవదు. సరుకును ఊరూరా చేర్చే బండి ఎవరిదైనా కావచ్చు. పాట ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం ఆమె చేతిలోనే ఉంది. 2010లో ‘బాడీ టాక్’ను ఒక్కసారిగా కాక, పాటలు సిద్ధమైన కొద్దీ మూడు విడతలుగా వెలువరించగలగడం ఆ అధికార ఫలమే.

ఆ విడతలలోని ‘డాన్సింగ్ ఆన్ మై ఓన్’ విశేష ప్రసిద్ధి పొందింది. తాను ప్రేమించినవాడు మరొకరి సరసన ఉండగా, అదే నృత్యశాలలో ఒంటరిగా నర్తించే స్త్రీ అందులోని నాయిక. యంత్రధ్వనుల కఠినమైన లయపై కరుణరసం ఇంతగా పండడం ఆశ్చర్యం. విషాదానికి విలంబగతియే తగినదన్న నమ్మకాన్ని ఆ పాట కదిలిస్తుంది.

ఆ తరువాత పూర్తిస్థాయి సొంత ఆల్బమ్‌కు ఎనిమిదేళ్లు పట్టింది. 2014లో ఆమె సహచర సంగీతకారుడు క్రిస్టియన్ ఫాక్ మరణించాడు. జనం మరచిపోతారేమోనన్న భయంతో తొందరపడి పాడడం ఆ వృత్తిలో సర్వసాధారణం. ఆమె తొందరపడలేదు. 2018లో ‘హనీ’ వెలువడినప్పుడు అందులోని పాటలు పాత విజయాలను అనుకరించలేదు. మరింత మెత్తగా, నెమ్మదిగా సాగాయి. వెనుకటి ఉద్ధృతిని ఆశించిన కొందరు శ్రోతలు నిరాశపడి ఉండవచ్చు. తన అభిమానులను సైతం కాదనగలిగిందన్నమాట.