బాడుగబండివానికి సంఘము అండ యుండవలెను



తెల్లవాఱకముందే మన పాలకేంద్రము వాకిట వచ్చి నిలుచు బండిని మనమందఱ మెఱుగుదుము. పాలక్యానులు దానిపైననే పోవును. కూరగాయల గంపలును దానిపైననే సంతకు జేరును. కాని యా బండి సంఘముది కాదు, డెయిరీదియు గాదు. డెయిరీ రవాణాపనిని ఒక గుత్తదారున కప్పగించును. ఆతడు దానిని తన క్రిందివారికి బంచి యిచ్చును. తుదకు అప్పుచేసి బండి కొని, తానే తోలుకొనుచున్న మన యూరి యువకుని కా పని చేరును. డీజిలు వెల పెరిగినను, ఇరుసు విరిగినను నష్ట మాతనిదే.

డీజిలు బండ్లను విడిచి విద్యుత్తుతో నడచు బండ్లకు మాఱవలెనని ప్రభుత్వములును, పెద్ద వర్తకసంస్థలును నేడు చెప్పుచున్నవి. మాట మంచిదే. ఒక లీటరు డీజిలు కాలినచో సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో గలియును. మన దేశపు వాహనములలో డీజిలు లారీలు నూటికి 3 మాత్రమే యైనను, రవాణావలన బుట్టు వేడిమివాయువులలో నూటికి 42 పాళ్లు వానివేనని 2025 జూలైలో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. అకాలవర్షమునకును, ఎండదెబ్బకును మొదట నష్టపోవువారము మనమే కావున ఈ మార్పు మనకు సంబంధింపని విషయము గాదు. అయితే దీనికగు వెల నెవరు చెల్లింపవలెను? చర్చింపవలసిన దిదియే.

పై ప్రకటనతోనే కేంద్రప్రభుత్వము విద్యుత్తు లారీ యొక్కంటికి గరిష్ఠముగా 9.6 లక్షల రూపాయల సాయమును గూడ ప్రకటించినది. కాని యది 3.5 టన్నులు మించిన లారీలకే. మన పాలను మోయు నాలుగుచక్రముల చిన్నబండి ఆ లెక్కలోనికి రాదు. విద్యుద్వాహనములపై వస్తుసేవల పన్ను 2019 ఆగస్టునుండి 5 శాతమునకు దగ్గినమాట నిజమే. అయినను కొనునప్పటి వెల డీజిలుబండి వెలకన్న హెచ్చుగనే యున్నది.

ఇక్కడ నొక చిక్కున్నది. విద్యుత్తుబండి కొనుటకు ఖర్చెక్కువ, నడుపుటకు ఖర్చు తక్కువ. కావున అది ప్రతిదినమును దప్పక తిరిగి, కొన్నియేండ్లు తిరిగిననేగాని పెట్టుబడి తిరిగి రాదు. బండివాని అప్పు నాలుగైదేండ్ల వాయిదాలది. చేతిలోనున్న పని యొక యేటిది. గుత్తదారుడు మాఱినచో ఆ పనియు బోవును. వాడిన బ్యాటరీబండికి మఱల నెంత వెల వచ్చునో తెలియనందున, అప్పిచ్చువాడు సంశయించి వడ్డి హెచ్చించును. అట్టి స్థితిలో బండివాడు పాత డీజిలుబండినే పట్టుకొని వ్రేలాడుట మూర్ఖత కాదు. లెక్క దెలిసినవాని పనియే.

ఈ స్థితి మనకు గ్రొత్తది గాదు. ఒకప్పుడు రైతును ఇట్లే యుండెడివాడు. కష్టించు చేతులున్నను నమ్మి యప్పిచ్చువారు లేక వడ్డివ్యాపారి వాకిట నిలిచెడివాడు. 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన పిమ్మట, ఒకరి కొకరు పూచీపడుటవలననే రైతునకు పరపతి గలిగినది. మనము పొందిన మేలును మన సరకు మోయువానికి నిరాకరించుట న్యాయమా?

కావున నా సూచన లివి. మొదటిది: పాలు మోయు పనికి సంఘము బండివానితో నేరుగా ఒడంబడిక చేసికొనవలెను. డెయిరీ గుత్తయే యున్నచోట దానితో మాటాడి యట్లు చేయింపవలెను. ఆ ఒడంబడిక గడువు అప్పు గడువుతో సమానముగా నుండవలెను. ఆ పత్రమే బ్యాంకునకు జూపదగిన హామీ యగును. రెండవది: అప్పు తీఱువఱకు ఖర్చు తగ్గినదను నెపముతో బాడుగ దగ్గింపరాదు. తీఱిన పిదప మిగులును సంఘమును, బండివాడును బంచుకొనవచ్చును.

మూడవది మిక్కిలి ముఖ్యము. మన దేశపు విద్యుత్తులో నధికభాగ మింకను బొగ్గువలననే పుట్టుచున్నది. రాత్రి ఆ విద్యుత్తుతో నింపిన బండి, మన వాకిటి పొగలో జాలవఱకు విద్యుత్కేంద్రపు పొగగొట్టమునకు మార్చునేగాని తొలగింపదు. కాని పాలబండికి బని యుండునది తెల్లవాఱుజామునను, సాయంకాలమునను. నడిపగలు ఊరక నిలుచును. సూర్యుడు నిండుగ గాయునదియు నప్పుడే! సంఘపు గిడ్డంగి కప్పుపై సౌరఫలకములు పఱచి, మధ్యాహ్నమే బ్యాటరీ నింపినచో డీజిలు ఖర్చును దప్పును, బొగ్గుపొగయు దప్పును. కేంద్ర సహకారశాఖ 2023 లో ప్రచురించిన ఆదర్శ నిబంధనలు ప్రాథమిక పరపతి సంఘములకు 25 కు మించిన కార్యములకు దారి చూపినవి. సంఘము అప్పులిచ్చి వసూలుచేయుటతోనే నిలిచిపోనక్కఱలేదు.

"సంఘము సొమ్ము రైతులది; బండివాని నష్టమును మనమేల మోయవలెను?" అని కొందఱడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. మన మాతనికి దానమీయుట లేదు. పనిని వాగ్దానము చేయుచున్నాము. వేళకు రాకున్న ఒడంబడిక రద్దగునని వ్రాసికొనవచ్చును. తొలుత నొక్క బండితో, ఒక్కసారి నింపిన బ్యాటరీతో పోయివచ్చుటకు వీలగు చిన్నదారిలో మొదలుపెట్టవలెను. గాలివానలకు విద్యుత్తు నిలిచినప్పటికై ఒక డీజిలుబండి నుంచుకొనుట వివేకము. దూరపట్టణములకు బోవు బరువుబండ్ల విషయము తరువాత జూచుకొనవచ్చును.

మార్పు రావలెనని యందఱును జెప్పుదురు. దాని బరువును మాత్రము వరుసలో గడపట నున్నవాని భుజముపై వేయుదురు. అట్టిది సహకార మనిపించుకొనదు. రాబోవు మహాసభలో సభ్యులు ఈ ఒడంబడిక విషయమై యొక తీర్మానము ప్రతిపాదించి, పాలు మోయు బండివానిని గూడ సభకు బిలిచి, ఆతని లెక్కను ఆతని నోటనే వినవలెనని నా మనవి.