కలప కొలతలో డ్రోన్: టేపును పక్కన పెట్టరాదు

ఆంధ్రప్రదేశ్‌లో సరుగుడు, సుబాబుల్, జామాయిల్ సాగుచేసే రైతులలో కొందరు తోటను నరకకముందే గుత్తగా అమ్ముతారు. అక్కడ కంటి అంచనాయే కొలత. తోటలో ఎంత కలప ఉన్నదో ముందే తెలిసిన రైతు ధర విషయంలో గట్టిగా నిలబడగలడు. ఆ దృష్ట్యా డ్రోన్ సర్వే స్వాగతించదగినది.

అయితే డ్రోన్ చూసేది పైనుంచి. అది తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా చెట్ల ఎత్తును, సంఖ్యను అంచనా వేయవచ్చు. ఆకుల కప్పు కిందనున్న మాను లావు మాత్రం కనబడదు. కలప ఘనపరిమాణం ఎత్తుపైన, వ్యాసపు వర్గంపైన ఆధారపడుతుంది. ఎత్తును 10 శాతం తక్కువగా లెక్కిస్తే కలప అంచనా 10 శాతం తగ్గుతుంది. వ్యాసాన్ని 10 శాతం తక్కువగా తీసుకుంటే 19 శాతం తగ్గుతుంది. గుత్త బేరంలో ఆ నష్టం రైతుదే. పైగా దట్టమైన తోటలో నేల కనబడక ఎత్తు కూడా తప్పవచ్చు.

కనుక ప్రతి తోటలోను కొన్ని నమూనా ప్లాట్లను ఎంచుకొని, నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున మానుల చుట్టుకొలతను టేపుతో కొలిచి, డ్రోన్ అంచనాను సరిచూడాలి. ఫలితాన్ని ఒకే అంకెగా గాక, కనిష్ఠ, గరిష్ఠ పరిమితులతో తెలపాలి. విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఇందుకు బాధ్యత వహించి, అమ్మకానికి ముందే ఆ లెక్కను రైతుకు అందజేయాలి. కొనుగోలుదారు చేతిలో మాత్రమే ఉండే లెక్క ఎంత కచ్చితమైనదైనా రైతుకు మేలు చేయదు.