పేరు కనపడదు, పుట్టినరోజు కనపడుతుంది

మా బాబాయికి మార్కాపురంలో పలకల వ్యాపారం. 2017లో ఆయనకో వెబ్‌సైట్ పెడదామని డొమైన్ పేరు కొన్నాను. ఫారంలో పేరు, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ అడిగితే బుద్ధిగా అన్నీ నింపేశా. మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. "సార్, సైట్ డిజైన్ చేస్తాం", "సార్, లోగో కావాలా?" బాబాయి ఆశ్చర్యపోయాడు. "ఏందబ్బాయా, ఇంకా సైటే తెరవలేదు, అప్పుడే ఇన్ని బేరాలా?"

నా నంబర్‌ని ఎవరూ దొంగిలించలేదు. అది బహిరంగంగానే ఉంది. అప్పట్లో డొమైన్ కొన్నవాళ్ల వివరాలు 'హూయిజ్' అనే పట్టికలో ప్రపంచంలో ఎవరికైనా కనపడేవి. బస్టాండు గోడ మీద మన నంబర్ రాసిపెట్టినట్టే.

2018 మే 25న యూరప్‌లో జీడీపీఆర్ అనే గోప్యతా చట్టం అమల్లోకి వచ్చింది. డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ దానికోసం మే 17నే తాత్కాలిక నిబంధనలు తెచ్చింది. 2016 నవంబరులో మన హైదరాబాద్‌లో సమావేశాలు పెట్టింది ఈ సంస్థే. చట్టం యూరప్‌ది అయినా, డొమైన్లు అమ్మే చాలా కంపెనీలు అందరి వివరాలకూ తెర కట్టేశాయి. హమ్మయ్య అనుకున్నా.

మొన్నామధ్య గిద్దలూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఐదు వేలకే మంచి ఫోన్ అంటే డబ్బులు కట్టేశా. ఇప్పుడు వాళ్ల నంబర్ పనిచేయట్లా. ఆ సైట్ ఎవడిదో కనుక్కోవా?" చూస్తే పేరు లేదు, ఫోన్ లేదు. నన్ను కాపాడిన తెర వెనకే దొంగ కూడా దాక్కున్నాడు!

మరి తెర చించేద్దామా? నేనైతే వద్దంటా. మోసగాడు పాత రోజుల్లో కూడా దొంగ పేరే రాసేవాడు. నిజం రాసి దొరికిపోయేది నాలాంటి వాళ్లే. ఊళ్లో అన్యాయం మీద బ్లాగు రాసే అమ్మాయి ఇంటి అడ్రస్ అందరికీ ఎందుకు తెలియాలి? కానీ పోలీసులు సరైన కారణంతో అడిగితే మాత్రం తలుపు వెంటనే తెరుచుకోవాలి. అలా అడిగేవాళ్ల కోసం ఐకాన్ 2023 నవంబరులో ఒక ఏర్పాటు తెచ్చింది. అయినా ఇవ్వాలా వద్దా అనేది డొమైన్ అమ్మిన కంపెనీయే తేలుస్తుంది. ఈలోగా డబ్బు ఎన్ని ఖాతాలు మారుతుందో!

అయితే ఆ తెర అన్నిటినీ దాచదు. లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్‌లో సైట్ పేరు కొట్టండి. అది ఏ రోజు రిజిస్టర్ అయిందో, ఏ కంపెనీ దగ్గర కొన్నారో, ఫిర్యాదు ఏ మెయిల్‌కి పంపాలో కనపడుతుంది. మా తమ్ముడు మోసపోయిన సైట్ మీద "12 ఏళ్ల నమ్మకం" అని ఉంది. డొమైన్ పుట్టి అప్పటికి 9 రోజులు! పాత సైట్లన్నీ మంచివని కాదు. కానీ నిన్న పుట్టి పన్నెండేళ్ల కబుర్లు చెప్పేదానికి మాత్రం రూపాయి కట్టొద్దు.

ఒకవేళ కట్టేస్తే, నాలాంటి అన్నకు కాదు, ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇదంతా విని తమ్ముడు ఒకటే మాటన్నాడు. "ముందే చెప్పొచ్చుగా అన్నా!" అందుకే మీకు ముందే చెబుతున్నా.