ఆ సున్నా ఎవరి ఖాతాలో వేశారు?

2021 సెప్టెంబరు చివరి వారంలో భవానీపూర్ ఉప ఎన్నిక కోసం కోల్‌కతాలో ఉన్నాను. ఏక్‌బాల్‌పూర్‌లోని 77వ వార్డు కూడా ఆ నియోజకవర్గం కిందికే వస్తుంది. ముఖ్యమంత్రి స్వయంగా పోటీలో ఉన్నారు కనుక ఢిల్లీ విలేకరులందరం ఆ గల్లీల్లో ఒకరినొకరు తోసుకుంటూ తిరిగాం. మమతా బెనర్జీ 58,835 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ వార్త ఏనాడో పాతబడింది. అక్కడి టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ వదలటం లేదు.

ఆయనది శ్రీకాకుళం వైపు. గార్డెన్ రీచ్‌లోని సౌత్ ఈస్టర్న్ రైల్వే కార్యాలయంలో జీవితమంతా పనిచేసి పదవీ విరమణ పొందారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఆ దారిన వచ్చి ఖరగ్‌పూర్‌లోనూ, గార్డెన్ రీచ్‌లోనూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆయన మోహన్ బగాన్ భక్తుడు. ఎన్నికల సంగతి కదిపితే ఫుట్‌బాల్ అందుకున్నారు. "ఏటి బాబూ, నెగ్గిన ఆట నెగ్గలేదని కాగితం మీద రాసేస్తే, ఆ కుర్రోళ్ల కాళ్ల నొప్పులు కూడా కొట్టేస్తారేటి?" అన్నారు. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదని తరువాత తెలిసింది.

ఆయన చెబుతున్నది 2012–13 ఐ-లీగ్ సీజన్ గురించి. 2012 డిసెంబరు 9న సాల్ట్‌లేక్ స్టేడియంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడ్డాయి. విరామానికి ముందు ఈస్ట్ బెంగాల్ గోల్ చేసింది. ఆ వెంటనే జరిగిన గొడవలో బగాన్ సారథి ఒడాఫా ఒకోలీకి రిఫరీ రెడ్ కార్డు చూపారు. స్టేడియం భగ్గుమంది. గ్యాలరీల నుంచి వచ్చిన రాయి బగాన్ ఆటగాడు సయ్యద్ రహీం నబీ ముఖానికి తగిలింది, ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్లారు. విరామం తరువాత మోహన్ బగాన్ మైదానంలోకి దిగలేదు.

మ్యాచ్‌ను మధ్యలో వదిలేసిన జట్టుకు ఏమి శిక్షో నిబంధనల పుస్తకంలో ముందే ఉంది. జరిగినదానిపై అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి అశోక్ కుమార్ గంగూలీతో ఏకసభ్య విచారణ జరిపించింది. బగాన్ నిర్ణయం సమర్థనీయం కాదని ఆయన తేల్చారు. డిసెంబరు 29న సమాఖ్య రెండేళ్ల నిషేధం ప్రకటించింది. ఇంతవరకు అంతా చట్టబద్ధంగానే నడిచింది. ఆ తరువాత నడిచినది మన దేశంలో నడిచే పద్ధతి.

మూడు వారాలు కూడా తిరగకుండానే, 2013 జనవరి 15న అదే సమాఖ్య కార్యవర్గం నిషేధాన్ని ఎత్తివేసింది. బదులుగా రెండు కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ సీజన్‌లో బగాన్ అప్పటివరకు సంపాదించిన పాయింట్లన్నీ సున్నా చేసింది. జట్టు సున్నా నుంచి మళ్లీ మొదలుపెట్టి, కిందామీదా పడి, దిగువ శ్రేణికి జారిపోకుండా బయటపడింది. అభిమానులు దాన్ని వీరగాథగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, ఆటగాళ్లు నిజంగానే చెమటోడ్చారు. నా తగువు వాళ్లతో కాదు.

ఆ సున్నాతో నా తగువు. డిసెంబరు 9కి ముందు బగాన్ గెలిచిన మ్యాచ్‌లలో ఏ దోషమూ లేదు. అనర్హుణ్ని ఆడించలేదు, లంచాలు లేవు, దొంగ వయసు పత్రాలు లేవు. ఒకనాడు విరామ సమయంలో డ్రెస్సింగ్ రూమ్‌లో తీసుకున్న ఒక నిర్ణయానికి, అంతకుముందు వారాల్లో న్యాయంగా గెలిచిన ఆటలు బలి అయ్యాయి. నిర్ణయం తీసుకున్నవారికి పడిన శిక్ష ఏమిటి? క్లబ్బు ఖజానా నుంచి కట్టే ఒక చెక్కు. పెద్దాయన కాళ్ల నొప్పుల ప్రశ్న ఇక్కడే పుట్టింది.

దీనికి ఎదురువాదన ఉంది, బలమైనదే. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో జరిగిన తొక్కిసలాటలో 16 మంది అభిమానులు మరణించారు. ఆ జ్ఞాపకం ఉన్న నగరంలో, తోటి ఆటగాడి ముఖం రక్తమయమైనప్పుడు, మళ్లీ మైదానంలోకి దిగమని ఎవరు చెప్పగలరు? ఈ వాదనను నేను తేలికగా తీసుకోను. అయితే ఇది నిజమని సమాఖ్య నమ్మితే జరిమానా కూడా వేయకూడదు. నమ్మకపోతే నిషేధం ఎత్తివేయకూడదు. రెండూ కాకుండా మధ్యలో ఒక బేరం కుదిర్చి, దానికి శిక్ష అని పేరు పెట్టారు. రెండేళ్ల నిషేధం మరీ క్రూరమనుకుంటే ఆ నిబంధననే సవరించి, అందరికీ ఒకే తీరున వర్తింపజేయవలసింది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి షీల్డు గెలిచిన క్లబ్బు కనుక, లక్షల మంది అభిమానులున్నారు కనుక, టికెట్లు అమ్ముడుపోవాలి కనుక మినహాయింపా? అదే పని పంజాబ్‌లోనో మిజోరంలోనో ఒక చిన్న క్లబ్బు చేసి ఉంటే పుస్తకంలోని అక్షరం పొల్లుపోకుండా అమలయ్యేది కాదా?

అప్పుడు సమాఖ్య అధ్యక్షుడు ప్రఫుల్ పటేల్, అదే సమయంలో కేంద్ర మంత్రి కూడా. ఇప్పటి అధ్యక్షుడు కల్యాణ్ చౌబే మాజీ గోల్‌కీపర్, బీజేపీ నాయకుడు. 2022 సెప్టెంబరులో భైచుంగ్ భుటియాను 33–1 తేడాతో ఓడించి వచ్చారు. పార్టీ మారింది, అలవాటు మారలేదు. 2025లో జరిగినది చూడండి. జనవరి 13న నామ్‌ధారీ జట్టు ఇంటర్ కాశీని 2–0తో ఓడించింది. సస్పెన్షన్‌లో ఉన్న ఆటగాణ్ని నామ్‌ధారీ దింపిందని తేలడంతో క్రమశిక్షణ సంఘం ఆ విజయాన్ని ఇంటర్ కాశీకి రాసింది. అప్పీళ్ల సంఘం ఏప్రిల్‌లో దాన్ని తిరగేసింది. 40 పాయింట్లతో చర్చిల్ బ్రదర్స్ విజేత అన్నారు, 39 పాయింట్లతో ఇంటర్ కాశీ రెండో స్థానం అన్నారు. కేసు స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో ఉండగానే గోవా జట్టు చేతికి ట్రోఫీ అందించారు. జులై 18న ఆ న్యాయస్థానం ఇంటర్ కాశీయే విజేత అని తీర్పు చెప్పింది. తీర్పు దాకా ఒక ట్రోఫీని బీరువాలో ఉంచడానికి ఏమి అడ్డం వచ్చిందో సమాఖ్యే చెప్పాలి. (2012–13లో, బగాన్ సున్నా నుంచి మొదలైన ఆ సీజన్‌లో, ఐ-లీగ్ గెలిచిందీ చర్చిల్ బ్రదర్సే. కాకతాళీయమే, కానీ పెద్దాయన వింటే నవ్వేవారు.)

రికార్డుల్లో గెలుపులు చెరిపివేసే ఈ విద్య మన సొంతం కాదు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇది ఒక సంప్రదాయం. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సహాయ కోచ్ జెర్రీ శాండస్కీ ఏళ్ల తరబడి పిల్లలపై సాగించిన లైంగిక దురాగతాలు బయటపడ్డాక, 2012 జులైలో కాలేజీ క్రీడల సంఘం ఆరు కోట్ల డాలర్ల జరిమానాతో పాటు 1998 నుంచి 2011 దాకా ఆ జట్టు సాధించిన 112 విజయాలను రద్దు చేసింది. గోల్ పోస్టులతో ఏ సంబంధమూ లేని నేరానికి స్కోరుబోర్డు మీద శిక్ష! 2015 జనవరిలో ఒక రాజీ ఒప్పందంతో ఆ 112 విజయాలూ తిరిగి వచ్చాయి. చెరిపినప్పుడు బాధితులకు ఏమి ఒరిగింది, తిరిగి రాసినప్పుడు ఎవరికి న్యాయం జరిగింది? అక్కడా ఇక్కడా సంస్థలకు కావలసింది ఏదో కఠినంగా చేశామనిపించే ఒక పట్టిక.

ఫుట్‌బాల్ ఇంతసేపు ఎందుకని రాజకీయ పాఠకులు అడగవచ్చు. 2014–19 మధ్య వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తుపై గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలో చేరారు, నలుగురు మంత్రులయ్యారు, సభ కాలం ముగిసేదాకా స్పీకర్ అనర్హత పిటిషన్లు తేల్చలేదు. తెలంగాణలో పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టే చెప్పవలసి వచ్చింది. నిబంధన పుస్తకంలో ఉంటుంది. విజిల్ ఊదవలసినవాడు ఒక జట్టు మనిషి. అక్కడ చెరగవలసిన గెలుపులు చెరగవు, ఇక్కడ చెరగకూడనివి చెరిగిపోతాయి. ఓటు వేసినవాడూ, బంతి వెంట పరుగెత్తినవాడూ రెండు చోట్లా లెక్కలోకి రారు.

ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి నేను కోరేది పెద్దది కాదు. 2013 జనవరి 15 సమావేశంలో ఏ నిబంధన కింద ఆ పాయింట్లు సున్నా అయ్యాయో, ఏ నిబంధన కింద నిషేధం రెండు కోట్లుగా మారిందో, ఎవరు ప్రతిపాదించారో, ఎవరు కాదన్నారో ఆ మినిట్స్ యథాతథంగా ప్రజల ముందు పెట్టమనండి. అవి వస్తే ప్రింటు తీసి ఏక్‌బాల్‌పూర్ తీసుకువెళ్తాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ప్రతి పేజీ చదువుతారని నాకు తెలుసు.