కారుకు నీడ, కన్నవారికి మెట్లు

ఎప్పుడూ బి.పి., షుగరు, బాలింతల ఆహారం గురించి వ్రాసే మేము ఈసారి కార్లు నిలిపే స్థలం గురించి వ్రాస్తున్నాము. కారు షెడ్డుకూ వార్డుకూ ఏమి సంబంధమని మీరు అడుగవచ్చు. చదివి మీరే చెప్పండి.

కొన్ని వారాల క్రితం రాత్రి 11 గంటల వేళ ఒక అపార్టుమెంటు నుండి ఫోను వచ్చింది. మూడవ అంతస్తులో ఒక పెద్దావిడ బాత్‌రూములో జారిపడి లేవలేకపోతున్నారు. ఆ ఇల్లు మా ఆస్పత్రికి రెండు కిలోమీటర్లు కూడా లేదు. మా అంబులెన్సు పది నిమిషాలలో గేటు దగ్గరకు చేరింది. గేటు లోపల మాత్రం కార్లు ఒకదాని వెనుక ఒకటి నిలిపి ఉన్నాయి. స్ట్రెచరు పోయే దారి లేదు. కరెంటు పోయింది గనుక లిఫ్టు పనిచేయలేదు. పనిచేసినా అందులో నలుగురు నిలబడగలరే గాని ఒక మనిషిని పడుకోబెట్టడానికి వీలు లేదు. మెట్ల మలుపులో స్ట్రెచరు తిరగలేదు. చివరకు దుప్పటిలో పడుకోబెట్టి, మా బ్రదర్, డ్రైవరు, ఇద్దరు పక్కింటి కుర్రవాళ్ళు నాలుగు మూలలూ పట్టుకుని దింపారు. ఈలోగా వాచ్‌మన్ తలుపులు కొట్టి కారు తాళాలు అడుగుతూ తిరిగాడు. రెండు కిలోమీటర్లకు గంటా పది నిమిషాలు పట్టింది. ఎక్స్‌రేలో తుంటి ఎముక విరిగినట్లు తేలింది.

ఆపరేషను అయిన నాలుగవ రోజున మామ్మగారు డ్రెస్సింగు చేస్తున్న మా సిస్టరుతో అన్నారు: "అది మా స్థలమే సిస్టరమ్మా. మా మామగారు కట్టిన పెంకుటిల్లు ఉండేది. డెవలప్‌మెంటుకి ఇస్తే మాకు రెండు ఫ్లాట్లు వచ్చాయి. నేను కూర్చునే అరుగు ఉన్న చోట ఇప్పుడు ఎవరిదో తెల్లకారు ఉంటుంది."

ఆ మాట విన్న దగ్గర నుండి ఈ సంగతి వ్రాయాలని అనుకుంటున్నాము.

అరుగు పోయి ర్యాంపు వచ్చింది

మన ఊళ్ళలో పాత ఇల్లు వీధి వైపు అరుగుతో మొదలయ్యేది. అరుగు దాటితే వసారా, ఆ తరువాత గదులు. ముసలివాళ్ళు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవారిని పలకరించేవారు. పిల్లలు వాళ్ళ కళ్ళ ముందే ఆడుకునేవారు. బండి, ఎడ్లు ఇంటి పక్కనో, వెనుక దొడ్డిలోనో ఉండేవి. ఇంటి ముందు భాగం మనుషులది.

మోటారు కారు వచ్చిన కొత్తలో కూడా ఇదే పద్ధతి సాగింది. మా ఆవరణలోని పాత బంగళాకు మోటారు షెడ్డు ఇప్పటికీ ఉంది. వంటశాల కంటే దూరంగా, వెనుక కట్టారు. అది అంతకుముందు గుర్రపుశాల అని పెద్దలు చెప్పేవారు. పెట్రోలు ఉన్న వస్తువు గనుక మనుషులు పడుకునే గదులకు దూరంగా పెట్టారు.

చాలా ఏళ్ళ పాటు కారు అంటే అంబాసిడరు, ఫియట్ మాత్రమే. వీధికి ఒకరిద్దరికి ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత ఉద్యోగస్థులు కూడా కారు కొనాలని ఆశపడసాగారు. కారు ఉన్నా లేకపోయినా ఇంటి ప్లానులో పోర్టికో గీయించడం మొదలైంది. అరుగు కొట్టించి వాలుగా సిమెంటు ర్యాంపు వేయించారు. తరువాత అపార్టుమెంట్లు వచ్చాయి. 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో జారీ అయిన భవన నిర్మాణ నియమాలు, అనగా జీ.వో. 168, ఎంత స్థలానికి ఎటువంటి పార్కింగు ఉండాలో, స్టిల్టా సెల్లారా అనేది పట్టిక వేసి చెప్పాయి. ఇప్పుడు ఏ వీధిలో చూసినా నేల మీద స్తంభాలు, స్తంభాల మధ్య కార్లు, మనుషులు మొదటి అంతస్తు నుండి పైకి.

ఇది ఎవరో ఒకరు కావాలని చేసిన అపకారం కాదు. ఒక్కొక్క అడుగూ సబబుగానే కనిపించింది. కాని కారు ఎక్కడ ఉండాలో ముందు నిర్ణయించుకుని, మెట్లెక్కలేని మనిషి సంగతి తరువాత చూద్దామనుకున్నాము. ఆ "తరువాత" ఇప్పుడు మా ఆర్థో వార్డులో పడుకుని ఉంది.

వార్డులో మేము చూస్తున్నది

మొదట పెద్దవారి సంగతి. మోకాళ్ళ నొప్పులున్నవారు మేడ దిగడం తగ్గించుకుంటారు. దిగినా కూర్చునే చోటు లేదు, పలకరించే మనిషి లేడు, గనుక క్రమంగా మానుకుంటారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వీధి చివర కొట్టుకు నడిచి వెళ్ళివచ్చే మనిషికి అందులో చాలా భాగం తెలియకుండానే జరిగిపోయేది. ఇంట్లోనే కూర్చుంటే కండలు సన్నబడతాయి, ఎముకలు పెళుసవుతాయి, తూలు వస్తుంది. అటువంటివారు జారిపడితే ఎముక విరుగుతుంది. మంచం పట్టిన తరువాత న్యుమోనియా, మంచం పుండ్లు రాకుండా రెండు గంటలకొకసారి ఒత్తిగించడం మా పని. ఆ పని ఎంత కష్టమో ఇంట్లో చేసినవారికి తెలుసు.

రెండవది పిల్లలు. ఆడుకోవడానికి మిగిలింది స్టిల్టు ఒక్కటే. కారు వెనుకకు తీసేటప్పుడు రెండు మూడేళ్ళ బిడ్డ వెనుక నిలబడితే అద్దాలలో కనబడడు. నడిపేవారు బిడ్డ సొంత తండ్రి అయినా అంతే. అటువంటి కేసు క్యాజువాలిటీకి వచ్చిన రోజున ఆ తండ్రి ముఖంలోకి చూడడం మాలో ఎవరివల్లా కాలేదు. ఇంతకంటే వ్రాయలేము.

మూడవది వాచ్‌మన్ కుటుంబం. అందరూ పైకి పోయారు గాని వారు క్రిందనే ఉండిపోయారు. కార్ల మధ్య చిన్న గదిలో భార్యాభర్తలు, పిల్లలు. ప్రొద్దున ఇంజన్లు స్టార్టు చేసి నిలిపినప్పుడు పొగ ముందుగా చేరేది ఆ గదికే. ఆ పిల్లలు దగ్గు, ఆయాసంతో నెబ్యులైజరు కోసం మా ఓ.పి.కి వస్తారు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబినును ఆక్సిజను కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలి ఆడని సెల్లారులో ఇంజను నడుస్తుండగా ఎవరికైనా తలనొప్పి, వాంతి, మత్తు వస్తే వెంటనే బయటి గాలిలోకి తీసుకురావాలి.

నాలుగవది ర్యాంపు. ఇంటింటికీ సైడు కాలువ మీద సిమెంటు ర్యాంపు వేశాక మునిసిపాలిటీ పనివారి పార లోపలికి పోదు. పూడిక పేరుకుని మురుగు నిలుస్తుంది. బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్సు దోమకు మురుగునీరే పుట్టిల్లు.

ఇంకొకటి ఇంజనీర్లు చెప్పేది. 2001 జనవరి 26న గుజరాతులో భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కూడా అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావరకు క్రింద కార్ల కోసం ఖాళీగా వదిలి స్తంభాల మీద నిలబెట్టినవే. పైన గోడల వలన గట్టిగా, క్రింద గోడలు లేక బలహీనంగా ఉన్న కట్టడం ఆ స్తంభాల దగ్గరే విరుగుతుంది. అందుచేత 2002లో సవరించిన భారత ప్రమాణం అటువంటి అంతస్తు స్తంభాలను, దూలాలను రెండున్నర రెట్ల భారానికి లెక్కగట్టాలని చెప్పింది. ఫ్లాటు కొనేటప్పుడు టైల్సు రంగుతో పాటు ఈ సంగతి కూడా అడగండి.

లెక్క చూడండి

ఉమ్మడి పార్కింగులో ఒక కారుకు సాధారణంగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు స్థలం కావాలి. అంటే 12.5 చదరపు మీటర్లు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఒకే గది ఉన్న ఇంటిలో మనిషి నివసించే ఆ గది 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదని ఉంది. అనగా కారు నిలబడే చోటు మనిషి బ్రతకడానికి సరిపోతుందన్న గది కంటే పెద్దది. రోజుకు రెండు గంటలు నడిపే కారు మిగిలిన 22 గంటలు అక్కడ ఊరకే నిలబడి ఉంటుంది.

కారు అవసరమే. అర్ధరాత్రి పురిటినొప్పులు వస్తే కారు ఉన్న ఇంటివారు ముందుగా మా దగ్గరకు చేరతారు. మా సిబ్బందిలో కొందరు కూడా వాయిదాల మీద కార్లు కొన్నారు. కార్లు రోడ్డు మీద నిలిపితే అంబులెన్సు పోదు, ఆ బాధ మాకు రోజూ ఉన్నదే. గనుక పార్కింగు వద్దని మేము అనడం లేదు. నేలంతా దానికే ఇవ్వవద్దని అంటున్నాము.

వేరే దేశాలలో కూడా ఈ ఆలోచన ఉంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపే ఫొటోలలో ఇంటికంటే ముందు గరాజు తలుపే కనిపిస్తుంది. ఆ దేశంలో కట్టడానికి ఇన్ని కార్ల స్థలం ఉండి తీరాలనే నిబంధన చాలా నగరాలలో పాతుకుపోయింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2022లో చట్టం చేసి, ముఖ్యమైన బస్సు, రైలు స్టాపులకు అర మైలు లోపల కొత్త కట్టడాలపై సాధారణంగా ఆ నిబంధన పెట్టకూడదన్నది. జపానులో 1962 చట్టం ప్రకారం కారు కొనేవారే దానిని నిలుపుకునే చోటు చూపించాలి. రాత్రిపూట వీధిలో వదలడం కుదరదు. ఈ నియమాలన్నీ మనుషులు వ్రాసినవే, మనుషులే మార్చగలరు.

మా తప్పు కూడా ఉంది

పరులకు చెప్పేముందు మా సంగతి చెప్పుకోవాలి. మా ఆవరణలో మెటర్నిటీ వార్డు ముందు వేపచెట్ల క్రింద రోగుల బంధువులు వంట చేసుకునేవారు, రాత్రి చాపలు పరచుకుని పడుకునేవారు. వచ్చేవారి కార్లు పెరిగాయని కొన్నేళ్ళ క్రితం మూడు చెట్లు కొట్టించి అక్కడ టైల్సు పరిపించారు. ఆ కమిటీలో మేమూ ఉన్నాము. మేమూ చెయ్యెత్తాము. బంధువులు ఇప్పుడు కారిడారులో పడుకుంటున్నారు. రాత్రి డ్యూటీ సిస్టర్లు వారిని దాటుకుంటూ మందుల ట్రేతో నడుస్తున్నారు. ఇన్‌ఫెక్షన్ల గురించి వారికి చెప్పే ముఖం మాకు లేదు.

ఇప్పుడు మిగిలిన రెండు చెట్ల స్థలాన్ని కూడా పార్కింగులో కలపాలనే ప్రతిపాదన వచ్చింది. ఈసారి మేము చెయ్యెత్తము. స్థలం చాలకపోతే సిబ్బంది వాహనాలు పాత మోటారు షెడ్డు వెనుక పెట్టుకుని నడిచి వద్దాము. నడవగలిగినవారము మనమే గదా.

మా మనవి

ఇల్లు కట్టేవారికి, ఫ్లాటు కొనేవారికి, స్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చేవారికి మేము కోరేది ఇది.

సొంత ఇల్లయితే నేల మీద ఒక గది, దానికి ఆనుకుని బాత్‌రూము పెద్దవారికని వదలండి. ఈరోజు అమ్మానాన్నలకు, రేపు మనకు.

అపార్టుమెంటయితే ఒప్పందం వ్రాసుకునే రోజునే స్ట్రెచరు పట్టే లిఫ్టు, దానికి జనరేటరు, పడుకోబెట్టిన మనిషిని తిప్పగలిగే మెట్ల మలుపు అడగండి. కట్టిన తరువాత అడిగితే లాభం లేదు.

ఇప్పుడు ఉంటున్న కట్టడంలో గేటు నుండి లిఫ్టు దాకా మూడు నాలుగు అడుగుల దారికి పసుపు గీతలు గీయించి, అక్కడ ఎవరూ బండి పెట్టకుండా సొసైటీ మీటింగులో తీర్మానం చేయండి. ఒక సిమెంటు బెంచీ వేయించండి.

కారు వెనుకకు తీసే ముందు దిగి, చుట్టూ ఒకసారి నడిచి చూడండి. ఇంజను నిలిపి మాట్లాడుకోండి. వాచ్‌మన్ గదికి బయటి గాలి వచ్చే కిటికీ పెట్టించండి.

ర్యాంపు వేస్తే కాలువ మీద తీయగలిగే పలకలు వేయండి.

మామ్మగారిని వచ్చే వారం డిశ్చార్జి చేయాలి. కనీసం మూడు నెలలు మెట్లు ఎక్కకూడదని డాక్టరుగారు చెప్పారు. ఆమె కుమారుడు నేల అంతస్తులో ఒక గది అద్దెకు దొరుకుతుందేమోనని ఆ చుట్టుపక్కల నాలుగు వీధులు తిరిగారు. నేల అంతస్తులు ఉన్నాయి, వాటిలో కార్లు ఉన్నాయి, గది మాత్రం దొరకలేదు. ప్రస్తుతానికి ఆవిడ వాకరు పట్టుకుని రోజూ సాయంత్రం మా పాత వరండాలో ఈ చివర నుండి ఆ చివరకు నడుస్తున్నారు. అక్కడ ఒక్క మెట్టు కూడా లేదు. అలసిపోతే వరండా అంచున బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవారిని ఊరు, పేరు అడుగుతున్నారు.